సున్నంలో ఉన్న తోళ్లు

పూర్వం ఏ నదికైనా ఒక దేవత, ఒక పురాణం ఉండేవి. ఇప్పుడు వాటితోపాటు ఒక పథకం కూడా ఉంటోంది. గంగకైతే పథకాలకు కొదవే లేదు. శుభ్రం చెయ్యడానికి ఏ ప్రభుత్వం నడుం కట్టినా ముందు మూతపడేవి కాన్పూరు జాజ్‌మవూలోని తోళ్ల కార్ఖానాలే. దిగువన ప్రయాగలో మాఘస్నానాలంటే ఇక్కడ తోళ్లు తిప్పే డ్రమ్ములు ఆగాలి. తుఫైల్‌కి అది కొత్త కాదు. ఆ లెక్క చూసుకునే గేదె తోళ్లు సున్నపు గుంటలో వేశాడు. ఈ ఏడు హుకుం ముందే వచ్చిపడింది.

తోలు పనిని ఆపాలంటే రెండే చోట్లు. పచ్చితోలుకి ఉప్పు పట్టిస్తే ఆగుతుంది. మందునీళ్లలో తిరిగి నీలంగా మారాక ఆగుతుంది. ఆ మధ్యలో, సున్నంలో నాని, వెంట్రుకలు ఊడి, బొద్దుగా ఉబ్బిన తోలు మాత్రం ఎవరి మాటా వినదు, ఆపితే కుళ్లిపోతుంది. తీసి కడగాలి, మళ్లీ కడగాలి. ఆ నీళ్లు శుద్ధికేంద్రానికి పోయే తూమును నిన్ననే మూసేశారు.

ఒకరి దగ్గర కూలిచేసి జుట్టు నెరిశాక తుఫైల్ మొదటిసారి సొంతంగా కొన్న సరుకది. అది పోతే మళ్లీ పరాయి గుంటలో దిగాలి. ఈ వయసులో దిగనిచ్చేవాడెవడు?

సీలు వెయ్యడానికి అధికారి లక్కా గుడ్డా పట్టుకుని వచ్చాడు.

"సాబ్, రెండ్రోజులివ్వండి. నీలం చేసేసుకుంటాను."

"రెండు గంటలివ్వడానికి కూడా నాకు అధికారం లేదయ్యా."

గోడవతల ఊరి మురుగంతా మోసుకొచ్చే పెద్ద కాలువ నల్లగా గంగలో పడుతూనే ఉంది. తుఫైల్‌తో కలిసి పనిచేసే బద్లూ అటు చెయ్యి చూపించాడు. "దానికి లక్క చాల్లేదా సాబ్?"

"దానిది వేరే స్కీము."

"మా పేర్లు కూడా అందులో రాసుకోండి మరి."

అధికారి నవ్వబోయి ఆపుకున్నాడు. కరెంటు తీయించి, స్విచ్చుకి సీలు వేసి వెళ్లిపోయాడు.

"వెనకగోడలో గంగవైపున్న తూటు తెరిచేద్దాం భాయ్," అన్నాడు బద్లూ. "డ్రమ్ము చేత్తో తిప్పుకుందాం. నీళ్లు గంగలోకి పోతాయి. ఎవడు చూడొచ్చాడు?"

తుఫైల్ తండ్రి, హుకుములేవీ లేని రోజుల్లోనే, స్నానాల ముందు ఆ తూటుకి గుడ్డలు కుక్కేవాడు. 'వాళ్ల పండగ అయిపోనీరా, అందాకా మన మడ్డి మన దగ్గరే ఉంటుంది' అనేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు.

"వద్దురా. జనం మునిగే నీళ్లు."

"మునుగుతున్నది నువ్వు భాయ్."

తుఫైల్ ఇంటికెళ్లి ఉప్పు బస్తా ఎత్తుకొచ్చాడు. భార్య షమీమా వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెదీ తోళ్లవాళ్ల ఇల్లే.

"సున్నం తిన్న తోలుకి ఉప్పేంటండీ?"

"తెలుసు."

"తెలిసేనా పోస్తున్నారు? కూరలోకైనా కాస్త మిగల్చండి."

"చేతులు ఊరుకోవడం లేదు షమీమా."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తోలు చెడుతుందంటే ఉప్పు అందుకున్న చేతులవి. గుప్పిళ్లకొద్దీ చల్లుతూనే పోయాయి. షమీమా కొంగు దోపుకుని తనూ ఒక అంచు పట్టుకుంది.

ప్రయాగలో స్నానాలు మొదలుకాకముందే వాసన వీధిలోకి పాకింది. తుఫైల్ ఒక తోలు పైకి లాగబోతే బొటనవేలు అందులోంచి అవతలికి దిగిపోయింది. ఇంకోటి లాగాడు. అదీ అంతే.

ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే అధికారి మళ్లీ వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "సాయంత్రంలోగా తీసెయ్యాలి" అన్నాడు.

"ఎక్కడ పడెయ్యమంటారు సాబ్?"

"జిగురు చేసేవాళ్లు తీసుకోరూ?"

"వాళ్లకీ మీరే సీలేశారు."

అధికారి రుమాలు సర్దుకున్నాడు. "ఎక్కడో ఒకచోట. ఇక్కడ మాత్రం ఉండకూడదు."

చెత్తబండివాడు ఆగను కూడా ఆగలేదు. పాతిపెడదామంటే జాజ్‌మవూలో చారెడు ఖాళీ నేల లేదు. పొద్దు వాలుతుంటే తుఫైల్, బద్లూ తోపుడుబండి మీద తోళ్లు వేసుకుని రేవువైపు నడిచారు.  బద్లూ చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. బండి ఎత్తి నదిలోకి ఒంపాడు. పాలిపోయిన తోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ప్రయాగవైపు సాగిపోయాయి. ఒకటి మాత్రం ఒడ్డు బురదనే పట్టుకుని కదల్లేదు. తుఫైల్ చెప్పులు విడిచి, మోకాళ్లదాకా దిగి, రెండు చేతులా దాన్ని లోపలికి నెట్టాడు.