మా మావ దగ్గు సంజ్ఞ కాదు

మా మావ పోయాడు. గురువారం తెల్లవారుజామున, ఆమదాలవలస రైల్వే క్వార్టర్సులో, ఉబ్బసంతో. "ఊపిరాడనేదు బాబూ, కూకునే ఎల్లిపోనాడు" అని గూడ్సు షెడ్డు కళాసీ వచ్చి చెప్పాడు. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, నాకు బ్రిడ్జి పేకాట నేర్పిన గురువు. ఏడవాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ సాయంత్రానికే శ్రీకాకుళం క్లబ్బు వాళ్లు ఆదివారం సంతాపసభ అని బోర్డుకి నోటీసు అంటించారు. ఎవరికండీ సంతాపం? దొంగాట ఆడాడని మూడేళ్ల కిందట అదే బోర్డు మీద పేరు రాసి, గుమ్మం తొక్కవద్దన్న మనిషికి!

మావ గూడ్సు గుమాస్తా. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద తువ్వాలు పరిచి, ఆదివారం మధ్యాహ్నాలు మేనల్లుళ్లం ముగ్గురికీ ఆట నేర్పేవాడు. ఒక పక్క బొగ్గింజన్ల పొగ, ఇంకో పక్క బస్తాల దుమ్ము. ఉబ్బసం మనిషికి ఇంకేం కావాలి? జేబులో చిన్న రేకు డబ్బాలో వాము ఉండేది. ముక్కలు పంచేముందు చిటికెడు నోట్లో వేసుకునేవాడు. అయినా దగ్గు ఆగేది కాదు. మేమూ పట్టించుకునేవాళ్లం కాదు.

ఆట తెలియనివారికి కాస్త చెప్పాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. ముందు వేలంపాట ఉంటుంది. అవతలివాడు "ఒక ఆటీను" అని పాట మొదలుపెట్టాడనుకోండి. మన చేతిలోనూ బలం ఉంది. మన రంగు పైన పాడాలా, లేక "డబుల్" అనాలా? ఈ ఒక్క సంగతి నా బుర్రకి ఎక్కించడానికి మావకి రెండు ఎండాకాలాలు పట్టింది.

"ఒరే, నీకాడ పొడుగు రంగున్నాదేటి? అయిదు ముక్కలు, అందులో పెద్దవి? ఉంటే ఆ రంగు సెప్పు. ఆడి రంగు నీకు ఒక్కటే ఉండి, మిగతా మూడూ బాగున్నాయా? డబుల్ అను. డబులంటే ఆడిని సితక్కొట్టేస్తానని కాదురా. జోడీవోడా, నీకేటున్నాదో సెప్పూ అని అడగడం."

"నా దగ్గర ఏమీ లేకపోతే?" అన్నాను.

"సున్నా ఉన్నా నోరిప్పాల. అడిగినోడికి జవాబు సెప్పకపోతే ఆడి గతేటి?"

నాలుగు పనికిరాని ముక్కలు పట్టుకుని నేను రంగు పాడితే తువ్వాలు అంచుతో నా మోకాలి మీద కొట్టేవాడు. "గొప్పకి పోనావేటిరా, జమీందారూ!" అనేవాడు. అలా నేర్చుకున్న ఆటతో, ఎవరైనా ఆడవచ్చని క్లబ్బు పెట్టిన పోటీకి ఇద్దరం వెళ్లాం. మావ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఆఖరి ఆటలో మాకు పోటీగా కూర్చున్నది క్లబ్బు కార్యదర్శి. నేను పనిచేసే ఆఫీసుకి ఆయనే పెద్ద. ఆయన "ఒక ఆటీను" అన్నాడు. మావకి దగ్గు వచ్చింది. దగ్గి, గొంతు సవరించుకుని "డబుల్" అన్నాడు. అటువైపు పాస్. నా చేతిలో ఇస్పేట్లు అయిదు ఉన్నాయి, రాణి పెద్దది. "ఒక ఇస్పేటు" అన్నాను. పాట నాలుగు ఇస్పేట్ల దాకా వెళ్లింది, అంటే పది పట్లు గెలవాలి. పదీ లాగేశాం. కార్యదర్శి ఓడిపోయాడు.

ఓడితే ఓడాడు, లేచి నిలబడి అరిచాడు. "అంత బలం పెట్టుకుని సొంత రంగు పాడకుండా డబులెందుకన్నాడు? ఆ దగ్గేటి? ఒక దగ్గు దగ్గితే ఇస్పేటా? రెండు దగ్గితే కళావరా?" పక్క బల్లలవాళ్లు మూగారు, నవ్వారు. మావకి నాలుగు ఇస్పేట్లు, నాలుగు డైమన్లు, నాలుగు కళావర్లు, ఒకే ఒక్క ఆటీను. ఏ రంగు పాడతాడు? ఏదీ పొడుగు లేదే! ఆ తేడా తెలియని మనిషి కార్యదర్శి! మా ఇద్దరి ముక్కలూ ఇంకా మా ముందే బోర్లించి ఉన్నాయి. మావ తనవి వెల్లకిలా తిప్పి, నా వైపు చూశాడు.

"నీవీ సూపించరా. అయిదు ఇస్పేట్లుంటే ఎవడైనా అదే అంటాడని సెప్పు."

కార్యదర్శి కూడా నా వైపే చూశాడు. నా అరచెయ్యి ముక్కల మీద అలాగే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. నేను నోరు విప్పలేదు.

బస్సులో మావ నన్ను ఒక్క మాట అనలేదు. శ్రీకాకుళం దాటాక, "నీకు ఉజ్జోగం ఉన్నాది, నాకు తెలుసు" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ తరువాత కాటా దగ్గర ఆటలో దగ్గు వస్తే ముక్కలు బోర్లించి లేచి, ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి దగ్గి వచ్చేవాడు. మేము నలుగురం ఇంటివాళ్లమే కదా మావా అన్నా వినలేదు. ఒక్కోసారి లేచే ఓపిక లేక మొహం ఎర్రబడేదాకా బిగబట్టేవాడు. ఉబ్బసం మనిషి దగ్గు బిగబట్టుకుని పేకాడటం మీలో ఎవరైనా చూశారా? నేను మూడేళ్లు చూశాను. చేసింది వాళ్లు, చూస్తూ ఊరుకున్నది నేను.

ఆదివారం సంతాపసభకి వెళ్లాను. కార్యదర్శి మాట్లాడాడు. నిజాయితీ అన్నాడు, పెద్దమనిషి అన్నాడు. సిగ్గు లేదా అనిపించింది. లేచి వెళ్లి, అలమరలోని పేక తీసి, పదమూడు ముక్కలు ఏరి ఆయన చేతిలో పెట్టాను.

"సంతాపసభలో పేకేటయ్యా?" అన్నాడు.

"ఒక్క సందేహం సార్. అవతల ఒక ఆటీను అన్నారు. మీ జోడీ డబుల్ అన్నాడు. ఇటువైపు పాస్. మీరేం అంటారు?"

ఎంతైనా ఆటగాడు. ముక్కలు రంగులవారీగా సర్దుకుని, ఒక్క చూపు చూసి, "ఇంకేటుంది, ఒక ఇస్పేటు" అన్నాడు.

"ఇప్పుడు ఎవరూ దగ్గలేదండి" అన్నాను. "ఆ రోజు నా చేతిలో ఉన్నవి ఇవే."

రేపు నన్ను బదిలీ చేస్తే చేసుకోనీండి. ఆయన ఆ ముక్కలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడ్డాడు. గెలిచానన్న సంతోషం నాకు కాస్తయినా కలగలేదు. ఆ పదమూడూ ఆ రోజు నా అరచేతి కిందే ఉన్నాయి. తిరగేయడానికి ఎంతసేపు?