గుడి మెట్లు ఎక్కని అంతర్వేది ప్రయాణం

తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు. రెండో పంట దాళ్వా వరి కోతలు సగంలో ఉన్నాయి. ముందురోజు మిషను కోసిన ధాన్యం రోడ్డు పక్కన రాశులుగా పడి ఉంది. తడిస్తే గింజ రంగు మారిపోతుంది. నేనూ, మా చేను కౌలుకి చేసే సత్యం గారూ కలిసి బరకాలు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టేసరికి ఏడు దాటింది. "మీరు వెళ్ళి రండి, ఇక్కడ నేను చూసుకుంటాను. పాపకి ఈవేళైనా చెప్పేయండి," అన్నారాయన. నేను కాళ్ళు కడుక్కుని, మా ఆవిడని ఎక్కించుకుని కారు తీశాను.

చెప్పాల్సిన విషయం ఇది. మా అమ్మ ఫిబ్రవరిలో పోయింది. అప్పటికి మా అమ్మాయి హారిక భీమవరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. పబ్లిక్ పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాం. మా వైపు హాస్టల్ పిల్లలున్న ఇళ్ళలో ఇలా చేయడం కొత్తేమీ కాదు. బంధువులకి చెప్పాం, వార్డెన్ గారికి చెప్పాం, అందరూ సరేనన్నారు. పరీక్షలు అయిన మర్నాడే ఎంట్రన్స్ కోచింగ్ మొదలుపెట్టారు. ఇంక అదీ అయ్యాక చెబుదామనుకున్నాం. ఫోన్లో అడిగినప్పుడల్లా, నాయనమ్మ జంగారెడ్డిగూడెంలో మేనత్త ఇంట్లో ఉందనీ, ఆ తోటల్లో సిగ్నల్ అందదనీ చెబుతూ వచ్చాం.

ఏప్రిల్ ఔటింగ్ ఆదివారానికి ఇంటికి వస్తానంది హారిక. ఇంటికి వస్తే తెలిసిపోతుంది. రంగులు వేయిస్తున్నాం, సామానంతా వసారాలో ఉంది, ఎక్కడికైనా వెళ్దాం అంది మా ఆవిడ. "అయితే అంతర్వేది" అంది హారిక. నాకు సముద్రమూ, లైట్‌హౌసూ గుర్తొచ్చి వెంటనే సరేనన్నాను. అక్కడ గుడి ఉందన్న సంగతి తెలియక కాదు, ఆలోచించలేదు.

పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచి భీమవరం ముప్పావుగంట. హాస్టల్లో ఔటింగ్ కార్డు మీద సంతకం పెడితే తొమ్మిది నుంచి ఆరు దాకా పంపిస్తారు. హారికతో పాటు ఆమె స్నేహితురాలు రూతు కూడా వచ్చింది. వాళ్ళది మా పక్క ఊరే. తండ్రి టీచరు, మా అమ్మ దినకార్యానికి వచ్చి వెళ్ళారు. వాళ్ళ అమ్మగారు ముందే ఫోన్ చేసి రూతుని మాతో పంపమన్నారు.

హారిక నన్ను జనవరి తర్వాత చూడటం అదే. మార్చిలో వాళ్ళమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చింది.

"ఏంటి నాన్నా ఆ తల? నారుమడి పోసినట్టుంది!"

"నీ చదువు కోసమే. చిన్న తిరుపతిలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నారు," అంది మా ఆవిడ నాకంటే ముందు.

"నా ర్యాంకు కోసం నీ జుట్టా? అయితే రావాల్సిందే," అని నా తల మీద అరచేత్తో రాసింది. రూతు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

భీమవరం నుంచి నరసాపురం గంట లోపే. అక్కడ మాధవాయిపాలెం రేవులో గోదావరి దాటాలి. కార్లూ, బళ్ళూ, మనుషులూ అన్నీ పంటు అనే పెద్ద బల్లకట్టు మీదికే ఎక్కుతాయి. కారుకీ నలుగురికీ కలిపి రెండొందల లోపే అయింది. ఆదివారం కాబట్టి అరగంట వరుసలో ఉన్నాం. అవతల సఖినేటిపల్లి. అక్కడి నుంచి అంతర్వేదికి కొబ్బరితోటల మధ్య ఇరవై నిమిషాల దారి. పంటు ఆగిపోయిన రోజున చించినాడ వంతెన మీదుగా తిరిగి రావచ్చు గానీ గంటకి పైగా అదనం.

పంటు మీద హారిక బ్యాగులోంచి నాలుగు పెన్నులు తీసి చూపించింది. కొత్తవి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"నాయనమ్మ చెప్పింది. సంక్రాంతి సెలవలకి వచ్చినప్పుడు. అంతర్వేది స్వామి పాదాల దగ్గర పెట్టించి, వాటితోనే ఎంట్రన్స్ రాయమంది."

"నాదొకటి కూడా కలపవే," అంది రూతు.

"మీ ప్రభువు ఒప్పుకుంటాడా?"

"ఫిజిక్స్ పేపర్ చూశాక ఆయనే పంపించాడు."

ఇద్దరూ నవ్వారు. చీటీలు తీసుకుంటున్న మనిషి నన్ను చూసి, "ఏ కొండకిచ్చారండి?" అని అడిగాడు. చిన్న తిరుపతి అన్నాను. మా ఆవిడ నీళ్ళకేసి చూస్తోంది. అప్పటికే ఆమెకి అర్థమైంది. నాకు ఇంకా కాలేదు.

అంతర్వేది చేరేసరికి పదకొండు దాటింది. నేను కారుని నేరుగా సముద్రం వైపు పోనివ్వబోతే హారిక ఆపింది. ఒంటిగంటకి గుడి తలుపులేస్తారు, ముందు దర్శనం అంది. కారు ఆపాను. చెప్పులు విప్పేసి పూలదుకాణం దగ్గర ఒక దండ కొని, వెనక్కి తిరిగి చూసింది. మేమిద్దరం కారు పక్కనే ఉన్నాం.

"రండి మరి."

"నాకు ఈరోజు కుదరదు లేమ్మా," అంది వాళ్ళమ్మ.

"నాన్నా?"

"కారు దగ్గర ఎవరో ఒకరుండాలిగా. అద్దం సరిగా మూసుకోవట్లేదు."

"సరే, నేనే వెళ్ళొస్తా. రూతూ, నీ పెన్నియ్యి."

మా ఇద్దరికీ చెరో సాకు ఉంది. హారిక కోసం ఏ సాకూ అనుకోలేదు. మా కుటుంబంలో మనిషి పోతే ఏడాది దాకా ఇంట్లోవాళ్ళెవరూ గుడి మెట్లెక్కరు. మనవరాలికీ అంతే. మా ఆవిడ రెండు నెలలుగా అబద్ధం చెప్పగలిగింది గానీ మైలతో పిల్లని గుడిలోకి పంపలేకపోయింది. రెండడుగులు వేసి హారిక మణికట్టు పట్టుకుంది.

"నువ్వూ వద్దమ్మా."

"నేనెందుకు వద్దు?"

మా ఆవిడ చెయ్యి వదల్లేదు. హారిక ఆమెని చూసింది, తర్వాత నా తల చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరు నాన్నా?"

నేను నోరు విప్పేలోపే, "నాయనమ్మేనా?" అంది. తలూపాను.

పూలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి హారిక చేతిలోని దండ వెనక్కి తీసుకుని డబ్బులు ఇచ్చేసింది. హారిక రూతు వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"మీ అమ్మగారు చెప్పొద్దన్నారే. పరీక్షలయ్యాక ఆవిడే చెబుతానన్నారు."

"అయిపోయాయిగా పరీక్షలు."

రూతు వెళ్ళి కారులో కూర్చుంది.

అయినా సముద్రానికి వెళ్ళాం. వెళ్ళకుండా ఏం చేయాలో తోచలేదు. లైట్‌హౌస్ తలుపు అప్పటికి తెరవలేదు, సాయంత్రమే ఎక్కనిస్తారట. నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి, గాలి తేమగా ఉంది. మా ఆవిడా, రూతూ కారులోనే ఉండిపోయారు. నేను హారిక వెనక కొంచెం దూరంలో నడిచాను. గోదావరి సముద్రంలో కలిసే ఇసుక దిబ్బ కనపడేచోట ఆగింది.

"ఎప్పుడు?"

"నీ కెమిస్ట్రీ ప్రాక్టికల్ ముందురోజు."

"ఆ వారంలో రెండుసార్లు ఫోన్ చేశాను నేను."

"అవును."

"నాయనమ్మ నన్ను అడగలేదా?"

లేదని చెబితే సరిపోయేదేమో. కానీ అప్పటికే చాలా చెప్పాం.

"అడిగింది."

"మీరేమన్నారు?"

"బస్సెక్కావని, వస్తున్నావని చెప్పాం."

సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఊళ్ళో కప్పి వచ్చిన ధాన్యం గుర్తొచ్చింది. అలాంటప్పుడు కూడా గుర్తొచ్చింది.

భోజనం గుడి వీధి దాటాక ఒక పాక హోటల్లో. చేపల పులుసుతో నూటయాభై. బాగానే వండుతారు, పన్నెండున్నర లోపు వెళితే బొమ్మిడాయిలు కూడా దొరుకుతాయి. వడ్డించే ఆవిడ హారిక విస్తరి చూసి, "ఏంటి పాపా, కారం ఎక్కువైందా? మజ్జిగ పొయ్యనా?" అంది. "లేదండి, బాగుంది," అని హారిక లేచి చేతులు కడుక్కుంది. మేము ముగ్గురం తిన్నాం.

తిరుగు పంటు మీద, రాత్రికి ఇంటికి రమ్మనీ, పొద్దున్నే తెచ్చి దింపుతాననీ అన్నాను. వార్డెన్ గారితో నేను మాట్లాడతానన్నాను.

"ఇప్పుడు ఇంటికొచ్చి ఎవర్ని చూడాలి?" అంది. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హారిక ఆ వైపు చూడలేదు. రూతు వానలో పంటు చివర ఒక్కతే నిలబడింది. పొద్దున ఇద్దరూ నవ్వుకున్నదీ అక్కడే.

మేము చేసింది చదువు కోసమే అని ఇప్పటికీ మా బంధువులు అంటారు. ఆ ప్రాక్టికల్స్‌లో ఆమెకి మంచి మార్కులే వచ్చాయి. ఆ వారం ఇంటికి తీసుకొచ్చి ఉంటే ఎన్ని వచ్చేవో చెప్పలేను. మా అమ్మ చివరి రెండు రోజులూ గుమ్మం వైపు తల తిప్పుకుని పడుకుంది, అది మాత్రం చెప్పగలను. అంతర్వేది వెళ్ళేవాళ్ళకి మొదట ఒక సూచన రాద్దామనుకున్నాను: ఇంట్లో ఏటిసూతకం ఉంటే పేరుపాలెం బీచ్‌కి వెళ్ళండి, రేవు దాటక్కర్లేదు, గుడి అడ్డం రాదు అని. అది సరైన సూచన కాదు. హాస్టల్ పిల్లని ఔటింగ్‌కి తీసుకెళ్ళే ముందు చెప్పాల్సింది గేటు దగ్గరే చెప్పేయండి. ఆ తర్వాత ఏ దారైనా ఒకటే. ఆదివారాలు తిరుగు పంటుకి నాలుగు లోపే రేవులో ఉండండి, తర్వాత వరుస పెరుగుతుంది.

భీమవరం చేరేసరికి వాన తగ్గింది. పెన్నులు వెనక సీటు మీదే ఉన్నాయి, రూతుదీ వాటిలోనే ఉంది. హారిక కార్డు మీద టైం వేయించుకుని ఐదున్నరకి లోపలికి వెళ్ళింది. రూతు కాసేపు గేటు దగ్గరే ఆగి తర్వాత వెళ్ళింది. మేము ఆరు దాకా ఉండి బయల్దేరాం.