వెల్లకిలా పడుకున్న పాపానికి

నిద్రపోతూ కూడా పరువు పోగొట్టుకోవచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. పెడనలో అద్దెకున్న రోజుల్లో, పట్టపగలు, మంచం దిగకుండానే ఓ పచ్చని కాపురంలో చిచ్చు పెట్టాను. ఆ కాపురంలో మొగుడు పోయి అప్పటికే మూడేళ్ళు. అదెలా కుదిరిందంటారా? వినండి మరి.

అప్పట్లో నాది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. చీకటితోనే లేచి కృత్తివెన్ను చెరువు గట్లన్నీ తిరగాలి. రాత్రి పడుకుందామంటే రైతుల ఫోన్లు. రొయ్య తల పైకెత్తితే చాలు, వాళ్ళకి నేనే గుర్తొస్తాను. మధ్యాహ్నం గదికొచ్చి మంచం మీద వెల్లకిలా పడితే ఒంటిమీద స్పృహ ఉండేది కాదు.

కింద ఇల్లుగలావిడ నాగమణి గారు. కలంకారీ అద్దకం పని. నేను పిన్నిగారనేవాణ్ణి. వాళ్ళ హాల్లో ఆవిడ భర్త ఫోటో ఒకటి దండతో ఉండేది. బుర్రమీసాలు, అనుమానంగా చూసే కళ్ళు. మేడ మీది నా గదికి మెట్లెక్కాలంటే ఆయన ముందునుంచే వెళ్ళాలి.

ఓ మధ్యాహ్నం మెలకువ వచ్చింది. ఫ్యాను తిరగడం కనిపిస్తోంది. కింద పిన్నిగారు బల్ల మీద చెక్క అచ్చు కొడుతున్న చప్పుడూ వినిపిస్తోంది. చెయ్యి కదపబోతే కదల్లేదు. కాలూ అంతే. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఇంతలో ఎవరో వచ్చి నా గుండెల మీద కూర్చున్నారు. బరువా అది! బియ్యం బస్తా నయం. ఎవరా అని చూస్తే మీసాలు. అమ్మ బాబోయ్, ఫోటోలో బాబాయిగారు!

ఒళ్ళు స్వాధీనంలోకొచ్చిన మరుక్షణం మెట్లు దిగానని చెప్పలేను. మెట్ల మీంచి రాలాను.

"పిన్నిగారండీ! బాబాయిగారు నా గుండెల మీద కూర్చున్నారండీ!"

ఆవిడ కెవ్వుమంటారనుకున్నాను. చేతిలో అచ్చు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశారు.

"నీ దగ్గరికా?"

"అవునండీ!"

"నీ దగ్గరికెందుకొచ్చారు?"

"నన్నడుగుతారేంటండీ?"

"ఆయన పోయిన దగ్గర్నుంచీ, మధ్యాహ్నం నేను కాస్త కునుకు తీస్తే వచ్చి పక్కన కూర్చునేవారు. నాకూ కాలూ చెయ్యీ ఆడేది కాదు, మాట వచ్చేది కాదు. మా ఆయనేగా, భయమెందుకు? రెణ్ణెల్ల నుంచీ రావడం మానేశారు. నేనేం తప్పు చేశానా అని కుమిలిపోతుంటే, పైకెళ్ళి నీ దగ్గర కూర్చుంటున్నారా!"

కొంగుతో కళ్ళొత్తుకున్నారు. అంతవరకు రోజూ నాకు పైకి పంపే టీ ఆ రోజు నుంచి బంద్. ఎదురుపడితే చాలు, సవతిని చూసినట్టు చూసేవారు. నాకు పెళ్ళే కాలేదు, అప్పుడే సవతినైపోయాను చూశారా!

భయపడి బందరెళ్ళి డాక్టరుగారికి మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వారు. "కలొచ్చేటప్పుడు మనం లేచి పరిగెత్తకుండా మెదడు ఒంటిని కదలనివ్వదు. ఒక్కోసారి మనకి మెలకువ ముందొస్తుంది, ఒళ్ళు తర్వాత లేస్తుంది. ఆ మధ్యలో మిగిలిపోయిన కల కళ్ళముందు కనపడుతుంది. గుండెల మీద బరువూ అందులోదే. రోజూ ఆ ఫోటో చూస్తున్నావు, ఆయనే వచ్చాడు. కాసేపట్లో అదే పోతుంది, ప్రమాదం లేదు."

ఇక చూడండి నా గర్వం. బస్సు దిగి తిన్నగా అద్దకం బల్ల దగ్గరికెళ్ళి, ఊపిరి తీసుకోకుండా అంతా అప్పజెప్పాను. "కాబట్టి పిన్నిగారండీ, ఎవరూ రాలేదు, ఎవరూ రారు!"

టీ వస్తుందని చూస్తున్నాను.

"అయితే ఇన్నాళ్ళూ వచ్చింది ఆయన కాదా?"

"కాదండీ!" అన్నాను, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడిలా.

ఆవిడ అచ్చు తీసి గుడ్డ మీద వేశారు. ఎన్నడూ గురి తప్పని చెయ్యి, పువ్వు పక్కకి పడింది. బాబాయిగారు రెండోసారి పోయారు, ఈసారి పంపించింది నేనే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

ఇంకో రెండు పువ్వులు అద్దాక ఆవిడే అడిగారు. "మళ్ళీ రాకుండా ఏం చెయ్యమన్నారు డాక్టరుగారు?"

"వేళకి నిద్రపొమ్మన్నారండీ. వెల్లకిలా వద్దు, పక్కకి తిరిగి పడుకోమన్నారు."

అచ్చు గాల్లోనే ఆగిపోయింది.

"పక్కకి తిరిగి పడుకుంటే రాదా?"

"చాలావరకు రాదటండీ."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నడుంనొప్పని రెణ్ణెల్ల నుంచీ పక్కకి తిరిగే పడుకుంటున్నాను కదరా అబ్బాయ్!"

"అది కాదండీ పిన్నిగారు, అది మెదడు..."

"నువ్వూరుకో!"

వారం తిరక్కుండా టీ పైకొచ్చింది, బందరు లడ్డూతో సహా. తెచ్చింది పిన్నిగారే. మొహం వెలిగిపోతోంది.

"వచ్చారాండీ?"

"వచ్చారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు? బతికున్నప్పుడు మాత్రం ఏమన్నారు కనుక! కూర్చున్నారు, చూశారు, వెళ్ళారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "పోనీ నువ్వన్నట్టు మెదడే అనుకో. నా మెదడులో ఆయన కాక ఇంకెవరుంటారు?"

నేను లడ్డూ మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను.

ఆ సాయంత్రం మీసాల ఫోటో ముందు చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను. బతికుండగా ఏ పిన్నిగారికీ ఆవిడ మొగుడి గురించి సైన్సు చెప్పను. నడుం విరిగినా సరే, వెల్లకిలా పడుకోను. బాబాయిగారు మళ్ళీ దారి తప్పి పైకొచ్చారంటే, నాకు టీ ఎవరు పోస్తారండీ?