పుంజు పక్కన పెట్ట

ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర నాకు మా వంశం చరిత్ర కంటే బాగా తెలుసు. మా ముత్తాత పేరు అడిగితే తడుముకుంటాను గానీ, ఆ క్లబ్బు ఎప్పుడు ఏ చిహ్నం పెట్టుకుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ పిచ్చి నాకు అంటించింది ఆ ఊరివాడైన ఒక ఫ్రెంచి కోచ్. నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు, బుక్కరాయసముద్రం దారిలో ఉన్న గులకరాళ్ళ మైదానంలో మాకు ఆట నేర్పడానికి వచ్చాడు. వెళ్ళిపోయేటప్పుడు తన పాత జెర్సీ నాకిచ్చాడు. దాని గుండె మీద మెడ నిక్కించిన ఎర్రటి కోడిపుంజు ఒక్కటే ఉండేది.

ఆ క్లబ్బును మొదట పెట్టింది ఓడల్లో బస్తాలు మోసే కూలీలు. వాళ్ళ చిహ్నం లంగరు. తర్వాత ఊరి పెద్దలు చేతిలోకి తీసుకుని లంగరు తీసేశారు, కోట బురుజు పెట్టారు. జట్టు వరసగా ఓడి కింది డివిజన్‌కు జారిపోయాక, పరువు నిలబెట్టుకోవడానికి జనమే పుంజును ఎంచుకున్నారు. ఎదుటి జట్టు అభిమానులు ఊరుకుంటారా? "పుంజులు కాదు, పెట్టలు" అని అరిచేవాళ్ళు. ఒకసారి బతికున్న కోడిపెట్టనే మైదానంలోకి వదిలారు. పెట్ట అంటే ఆ ఊళ్ళో ఇప్పటికీ తిట్టే. ఈ మధ్య క్లబ్బును కొన్న కంపెనీవాళ్ళు ఆ పుంజును కూడా పీకేసి, ఒక గుండ్రటి గీతలో రెండు అక్షరాలు పెట్టారు. చూస్తే మందుల షాపు బోర్డులా ఉంటుంది. యజమాని మారినప్పుడల్లా అక్కడ ఏదో ఒకటి పోవాల్సిందే.

మండిపడిన అభిమానులు పాత చిహ్నాలు మూడింటినీ పట్టు గుడ్డ మీద నేయించి, స్టేడియంలో వేలాడదీయాలనుకున్నారు. కోచ్‌కి నేను గుర్తొచ్చాను. ధర్మవరంలో నేను చీరల డిజైన్లు కంప్యూటర్లో గీస్తాను, నాయన గుంట మగ్గం మీద నేస్తాడు. నేసేవాడు అనాలి. మా వీధినిండా పవర్‌లూమ్‌లు వచ్చాక ఆయన మగ్గం ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. పెళ్ళి చీర మీద ఆయన వేసే హంసల కోసం ఒకప్పుడు కదిరి, గోరంట్ల నుంచి వచ్చి మా ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని పవర్‌లూమ్ చప్పుడును తిట్టడమే ఆయన పని.

విషయం చెప్పగానే నాయన ఒక్కటే అడిగాడు.

"ఆడ యాలాడదీసినంక ఫోటో పంపిస్తారా?"

"పంపిస్తారు నాయనా."

"అట్లయితే నేస్తా. ఇన్నేండ్లు నేసిన చీరలు యాడుండాయో ఎవురికి తెలుసు? బీరువాల్లో మురుగుతాంటాయి. ఇదొక్కటన్నా పది మంది కండ్లకు కనపడేతట్ల ఉంటాది."

రెండు నెలలు నేశాడు. ఒక్క ముక్క కోసం మగ్గం మీది జకార్డు పెట్టెకు డిజైను అట్టలు గుద్దించడం ఎందుకని, నేను గీసిన గ్రాఫు కాగితాన్ని గోడకు అంటించుకుని, పోగులు లెక్కపెట్టుకుంటూ చిన్న చిన్న దారపు కండెలతో చేత్తోనే బొమ్మ వేశాడు. చూపు ఆనక ఒక కళ్ళజోడు మీద ఇంకొకటి పెట్టుకునేవాడు. అలా నేసేటప్పుడు గుడ్డ వెనకవైపు పైకి ఉంటుంది. ముఖం కిందికి ఉండి, నేసిందంతా నేసినట్టే ముందున్న దోనె కర్రకు చుట్టుకుపోతుంది. రోజూ పోయి తొంగి చూసినా నాకు దారాల చిక్కు తప్ప ఏమీ కనబడలేదు.

గుడ్డ కోసే రోజు నాయన తెల్ల పంచె కట్టుకుని, పక్కింటి నేతగాళ్ళను ఇద్దర్ని పిలిచాడు. మగ్గానికి కొబ్బరికాయ కొట్టి, గుడ్డ కోసి, తిరగేసి పరిచాడు. లంగరు బ్రహ్మాండంగా వచ్చింది. బురుజు ఇటుక ఇటుకా తెలుస్తోంది. మూడో దానిలో పుంజు ఉంది. దాని ఎదురుగా, తల కొంచెం వంచుకుని, గోధుమరంగు పెట్ట ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"పెట్ట. నువ్వు మర్చిపోయినట్లుండావని నేనే వేసినా. పట్టు మీద ఒంటి పక్షి వెయ్యకూడదు కదప్పా."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. హంసైనా చిలకైనా నెమలైనా మా వీధిలో జంటగానే వేస్తారు. ఒంటి పక్షి ఉన్న చీరను ఏ పెళ్ళికూతురూ ముట్టదు. చీరలకైతే నేను కూడా కంప్యూటర్లో ఒకటి గీసి, మీట నొక్కి రెండోదాన్ని ఎదురుగా నిలబెట్టేవాణ్ణే. ఇది చీర కాదని, ఆ ఊళ్ళో పెట్ట తిట్టని నాయనకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఆ తప్పు నాదని తెలిసే కొద్దీ కోపం ఆయన మీదికి పోయింది.

"చెప్పింది చెప్పినట్ల నెయ్యను చాతకాదా నీకు? ఇందుకే నీ మొగం చూసి ఎవురూ పనియ్యల్యా. మిషన్లను తిడతాంటావే, మిషన్‌కు నీకన్నా బుద్ధుండాది."

నేతగాళ్ళిద్దరూ లేచి చెప్పులు వేసుకున్నారు.

"రెండు దినాలు టైమియ్యి," అన్నాడు నాయన. "పోగు పోగు పెరికి తీసేస్తా, మచ్చ కూడా కనపడదు."

నేను బ్లేడు తీసుకున్నాను. ఆయన పెట్ట మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తోసేసి, ఆయన చూస్తుండగానే కోశాను. బొమ్మతో పాటు కింది పోగులూ తెగి, పిడికిలి పట్టేంత చిల్లి పడింది. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ ఊరంతా పొగిడిన చేతిని తోసేయడంలో ఒక సుఖం ఉందని ఆ రోజే తెలిసింది. అందుకు నా మీద నాకు అసహ్యం.

చిల్లి రఫ్ఫు చేయించి పంపిస్తానని నాయనకు చెప్పాను. పంపలేదు. హిందూపురంలో మిషన్ ఎంబ్రాయిడరీ షాపుకు పోయి, రెడీమేడ్ పట్టు గుడ్డ మీద మూడు చిహ్నాలూ ఒక్క పూటలో కుట్టించాను. మా నాయన చేత్తో నేశాడని చీటీ రాసి దాన్ని పంపించాను.

వేలాడదీశారు. ఫోటో వచ్చింది. జనం నిలబడి చేతులెత్తి పాడుతున్నారు, వాళ్ళ వెనక మూడు చిహ్నాలు. సాయంత్రం నాయన అరుగు మీద ఉంటే ఫోన్ ఇచ్చాను. ఆ ఇద్దరు నేతగాళ్ళూ అక్కడే ఉన్నారు. నాయన రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాడు. పుంజు దగ్గర ఆగాడు. ఇంకా పెద్దది చేశాడు. నేతకూ కుట్టుకూ తేడా ఆయనకు ఒకరు చెప్పాలా? తలెత్తి నా వైపు చూశాడు. నేను వీధిలోకి చూశాను.

"నీదేనా అన్నా?" అని అడిగాడు ఒక నేతగాడు.

ఇంకొకరి పనిని ఒక్కనాడూ తనదని చెప్పుకోని మనిషి, మిషన్ గుడ్డను కాలితో కూడా తాకని మనిషి, "నాదే," అన్నాడు.

వాళ్ళు పోయినాక ఫోన్ నా చేతికిచ్చి, "ఇంగెవురికీ చూపియ్యద్దు," అన్నాడు.