వెనక చక్రానికి దిష్టి తాడు

ఈ ఉదయం మిత్రులతో పోటీపడి గేర్ల సైకిల్ మీద కళింగపట్నం బీచికి వెళ్తుంటే, సగం దారిలో, వాళ్లు ముందుకెళ్లిపోయాక, నా వెనక టైరు పంచరైంది. కొత్త ట్యూబ్ వేద్దామని చైన్‌ను అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించి, బ్రేకు వదులు చేసి, ఇరుసును వదులు చేసే లివర్ తిప్పాను. ఇంత శాస్త్రోక్తంగా చేసినా చక్రం రాలేదు. వంగి చూస్తే, సైకిల్ కొన్న రోజున అమ్మ ఇరుసునీ ఫ్రేమునీ కలిపి బిగించిన నల్ల దిష్టి తాడు. తెంపే ధైర్యం లేక ఫోన్ చేశాను.

"ఒరే, అది తెంపితే సక్రం ఊడిపోతాది," అంది అమ్మ.

"సక్రం ఊడదియ్యడానికే తెంపుతానంటన్నానమ్మా."

"పంచరయినా నువ్వు పడిపోలేదు కదా. తాడు పని సేసినట్టే. దాని మీద సెయ్యెట్టకు."

ఆ తర్కానికి తలవంచి, సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారిపొడవునా జనం ఆగి మరీ చూశారు. సైకిల్‌కి రక్షణ ఉంది కాబట్టి దిష్టంతా నాకే తగిలింది. మనుషులకు కట్టే సైజు తాడు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు చెప్పగలరు.