మాస్టారికి అర్థం కాని నవల

మా సాహిత్యం మాస్టారికి ఏదీ అర్థమయ్యేది కాదు. గిట్టక అంటున్న మాట కాదిది, పొద్దస్తమానం ఆయనే చెప్పుకునే మాట. మంగలి "పక్కల తగ్గించమంటారా?" అంటే "అర్థం కాలేదు బాబూ, ఏ పక్క?" అనేవారు. ఇంట్లో ఆవిడ "ఉప్పు సరిపోయిందా?" అంటే "అర్థం కాలేదు, ఇంకో ముద్ద తిననీ" అనేవారు. బడిలో అందరూ ఆయన్ని 'అర్థంకాలేదు మాస్టారు' అనే పిలిచేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అదొక్కటే ఆయనకు అర్థమైందని మా నమ్మకం.

ఇలాంటి మనిషి చేతికి ఓ ఆధునిక నవల ఇచ్చి, బడి చివరి ఏడు సాహిత్యం కోరి తీసుకున్న మాకు చెప్పమన్నారు. అందులో ఒకావిడ మధ్యాహ్నం పూట కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుంటుంది. అంతే కథ. మొదటి చొక్కా మడిచేసరికి ఆవిడకు ముసలితనం వచ్చేస్తుంది, రెండో చొక్కా తీసేసరికి మళ్ళీ పెళ్ళికూతురైపోతుంది. చొక్కా తాలూకు మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. ఫుల్‌స్టాప్ కోసం వెతుక్కుంటూ పోతే అధ్యాయమే అయిపోతుంది.

"ఇందులో కథెక్కడుంది మాస్టారూ?" అని ముందు బెంచీవాడు నిలదీశాడు.

"నేనూ దానికోసమే వెతుకుతున్నాను. దొరికితే చెప్పు నాయనా."

"గైడులో చైతన్య స్రవంతి అని రాశారండీ."

"అలాగా! అంటే ఏమిటి?"

"తెలీదండీ."

"హమ్మయ్య, తోడు దొరికావు. రా, ఇలా నా పక్కన కూర్చో."

ఇలాగే సాగింది చదువు. ఓ రోజు హెడ్‌మిస్ట్రెస్ గారు గుమ్మంలోకి వచ్చి, మేమంతా వింటుండగానే, "తల్లిదండ్రులు గోల పెడుతున్నారు మాస్టారూ! మీకే అర్థం కాకపోతే పిల్లల గతేమిటి?" అన్నారు.

"అదేనండీ, పాపం, వాళ్ళే ఓపిగ్గా నాకు చెబుతున్నారు" అన్నారాయన, చాలా వినయంగా.

మాకు బెంగ పట్టుకుంది. ఈయన ఉద్యోగం ఊడితే ఎలా? ఆ రాత్రి నుంచి క్లాసు క్లాసంతా నవల మీద పడింది. మార్కుల కోసం పుస్తకం ముట్టనివాళ్ళు కూడా మాస్టారిని గట్టెక్కించడానికి పేజీలు నమిలేశారు.

మా నాన్న పోయిన ఏడు అది. నేను కిటికీ పక్కన కూర్చునేదాన్ని. నోరు విప్పేదాన్ని కాదు. మిగతా టీచర్లు నన్ను చూడగానే గొంతు తగ్గించి, ఆస్పత్రిలో రోగిని పలకరించినట్టు పలకరించేవారు. ఈయన మాత్రం అందర్నీ వరసగా అడిగి, నా దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, పక్క బెంచీకి వెళ్ళిపోయేవారు.

ఓ వానాకాలపు మధ్యాహ్నం నవలలో ఒక చొక్కా దగ్గర బండి ఆగిపోయింది. "మడిచిన చొక్కా విప్పి మళ్ళీ మడుస్తుందేమిటర్రా? అర్థం కాలేదు" అన్నారు మాస్టారు. మతిమరుపు అన్నారొకరు. ఇస్త్రీ సరిగ్గా లేదన్నారొకరు. అచ్చుతప్పన్నాడు వెనక బెంచీవాడు. వారం రోజులు అదే చొక్కా.

"మడవడం అయిపోతే బీరువాలో పెట్టేయాలి కదండీ."

అన్నది నేనేనని అందరూ నావైపు తిరిగాక గానీ నాకు తెలియలేదు.

"పెట్టేస్తే?" అన్నారు మాస్టారు.

"పెట్టేస్తే, ఇంక అది తొడుక్కునేవాళ్ళు లేరని ఒప్పేసుకున్నట్టేనండీ. మా ఇంట్లో నాన్న చొక్కా ఇంకా కుర్చీ మీదే ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి, "అర్థమైందమ్మా" అన్నారు.

వెనక బెంచీవాడు లేచి, "ఒరేయ్, మాస్టారికి అర్థమైందిరా!" అని కేకపెట్టాడు. బల్లలు దద్దరిల్లాయి. పక్క క్లాసు లెక్కల టీచరు ఏం కొంప మునిగిందోనని పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు నుంచి బడిలో నేను తండ్రి పోయిన పిల్లని కాను, మాస్టారికి అర్థమయ్యేలా చెప్పిన పిల్లని.

చాలా ఏళ్ళకు నేనూ టీచర్నై అదే బడికి వచ్చాను. అదే నవల. ఎంతో ఇష్టంగా, మడత మడతా విప్పి చెప్పాను. పిల్లలు పొల్లుపోకుండా రాసుకున్నారు. చివర్న ఒకే ఒక్క ప్రశ్న: "ఇది పరీక్షకు వస్తుందాండీ?"

దిగులేసి మాస్టారింటికి వెళ్ళాను. నా గోడు విని ఆయన భార్య పకపకా నవ్వేశారు. "ఈయనకా, ఆ నవల అర్థం కాకపోవడమా? దాన్ని పాఠంగా పెట్టమని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఈయనేనమ్మా! నిద్రలో కూడా అప్పజెబుతారు."

మాస్టారు వెన్న దొంగలా తల దించుకున్నారు.

"మరి అన్నేళ్ళూ ఎందుకండీ అలా?"

"మొదట్లో నీలాగే అంతా నేనే చెప్పేవాణ్ణి. మార్కులు బాగా వచ్చేవి. ఒక్కరూ ఆ ఇల్లాలి గురించి దిగులు పడలేదు" అన్నారు. నావైపు తిరిగి, "నీ ఏడు, ఆ చొక్కా దగ్గర కావాలనే ఆగాను. నువ్వేమైనా అంటావేమోనని" అన్నారు.

"అయితే, అర్థమైందన్నదీ నాటకమేనా?"

"ఛ, ఛ! అది నిజం. అంతవరకూ ఆవిడ ఎవరికోసమో ఎదురుచూస్తోందనే అనుకున్నాను. బీరువా సంగతి నాకు తట్టనే లేదు."

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఈ ఏటి పిల్లలేమంటున్నారు?" ఆ గొంతులో ఆకలి వినిపించింది. రిటైరయ్యాక ఆయన్ని ఆ నవల గురించి అడిగినవాళ్ళే లేరట.

"మీరే వచ్చి అడగండి" అన్నాను.

సోమవారం వచ్చారు, ఇస్త్రీ బట్టలు వేసుకుని, కొత్తగా బడిలో చేరేవాడిలా. చివరి బెంచీలో సర్దుకుని కూర్చున్నారు. నేను పాఠం మొదలుపెట్టానో లేదో, పక్కనున్న అమ్మాయి చెవిలో ఏదో గొణిగారు. రోజూ నా క్లాసులో ఆవలించే పిల్ల అది.

"అయ్యో తాతగారూ, అలా కాదండీ!" అంది.

ముందు బెంచీలన్నీ అటు తిరిగాయి. ఒకరి మాట ఒకరు తోసేస్తూ ఆయన చుట్టూ మూగారు. గంట కొట్టినా కదలలేదు. సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దగ్గర నిలబడిపోయిన నన్ను పలకరించిన నాథుడు లేడు.