నా ఎద మీద బావ చెయ్యి

మా అక్క మొగుడికి నా ఎద మీద హక్కు ఉండేది. వెటకారానికి అనడం లేదు. బాగలూరు చుట్టుపక్కల మా రైతు ఇళ్లల్లో బావ బామ్మర్దిని ఏమైనా అనొచ్చు, ఏమైనా చేయొచ్చు. దానికి సరసమని పేరు. బామ్మర్ది నవ్వాలి. మొహం మాడ్చుకుంటే వాడికి పద్ధతి తెలియదంటారు. ఆ పద్ధతి పెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడికి పదహారేళ్లప్పటి నా ఒళ్లు తగిలించి ఒక్కపూట మా బావ పక్కన కూర్చోబెట్టాలి.

పదమూడేళ్లప్పుడు చాలామంది మగపిల్లల్లాగే నాకూ చన్నుల కింద గట్టిగా బిళ్లలు లేచాయి. తోటివాళ్లకు కొన్నాళ్లకు కరిగిపోయాయి. నాకు పెరిగాయి. లావు మనిషినా అంటే అదీ కాదు. ఒళ్లంతా కట్టెపుల్ల, ఎద మాత్రం ఆడపిల్లది. బడిలో పెట్టిన పేర్లు ఇక్కడ రాయను, రాస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ పాత చీర చించి ఎదకు బిగించి కట్టేవాణ్ణి, దాని మీద బనియను, ఆ పైన చొక్కా. ఎండాకాలంలో మా గులాబీ తోటలో మగవాళ్లంతా చొక్కాలు విప్పేసి పాదులు తవ్వుతుంటే నేనొక్కణ్ణే చెమటలో ఉడికిపోయేవాణ్ణి. పేలిక కింద చర్మం ఒరుసుకుపోయి రసి కారేది.

అదంతా ఓర్చుకున్నాను. బావ చెయ్యినే ఓర్చుకోలేకపోయాను. ఇంటికి వచ్చీ రాగానే వెనక నుంచి రెండు చేతులా పట్టి పిండేవాడు. ప్రాణం పోయినంత పనయ్యేది. అమ్మ చూడనట్టు వంటింట్లోకి పోయేది. నాయన మీసాల్లో నవ్వుకునేవాడు.

బావ వాళ్లది అత్తిముగం ఊరు. సేద్యంతో పాటు ఆవుల బేరాలు చేసేవాడు. తొంభైల చివర్లో ఒకసారి నాయన పాడి ఆవును కొనాలని కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకు బయలుదేరి, బేరం తెలిసినవాడని బావను పిలిచాడు. తోలుకురావడానికి నన్ను పిలిచాడు. ఆ సంతలో పశువుల ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరమాడతారు. బావ ఒక ఆవు పొదుగు పిసికాడు, చన్ను లాగి ధార చూశాడు. లేచి, చేతికి పాల తడి ఆరకముందే, నా చొక్కా మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

“ఈ పడ్డను చూడండప్పా! తొలిచూలుది. పూటకి ఎంత ఇస్తాదో చెప్పండి!”

చుట్టూ ఉన్న దళారులు విరగబడి నవ్వారు. ఒక ముసలి దళారి తువ్వాలు కప్పిన చెయ్యి ముందుకు చాపాడు. బావ దాని కింద చెయ్యి దూర్చి, వేళ్లు తడిమి, తల అడ్డంగా ఊపాడు.

“చాలదప్పా, చాలదు! పొదుగు చూసి మాట్లాడు!”

నేను మనిషిననే మాట ఆ గుంపులో ఒక్కడికీ గుర్తు లేదు. బావ మూతి మీద ఒక్క గుద్దు గుద్దాను. పన్ను పెదవిలోకి దిగి నెత్తురు చిమ్మింది. మరుక్షణం నా వీపు మీద పలుపు తాడు పడింది. కొట్టింది నాయన.

“ఇంటల్లుని మింద చెయ్యెత్తుతావా నా కొడకా! మీ అక్క ఆ ఇంట్లో బతకాల్రా! తెల్దా నీకు?”

దెబ్బ దెబ్బకూ అదే మాట. పేడలో బోర్లా పడ్డాను. చొక్కా నిలువునా చినిగి లోపలి చీరపేలిక బయటపడింది. సంత ఇంకోసారి నవ్వింది. ఈ మాంసం నా ఒంటి మీద ఉన్నన్నాళ్లూ ఆ చెయ్యి నన్ను వదలదు, దీన్ని కోసి పారేయాలి అని ఆ పేడలోనే తీర్మానించుకున్నాను.

ఇంటికొచ్చి కొడవలి తీసుకున్నాను కూడా. అమ్మ పరుగెత్తుకొచ్చి లాక్కుని, చెంప పగలగొట్టింది. ఆ తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది.

“కోసేదానికి డాక్టర్లుండారు కదరా! నేను తీసుకోని పోతాను, ఉండు.”

అమ్మ మాట తప్పలేదు. కొన్నేళ్లకు, నేను హోసూరులో కంపెనీ పనికి చేరాక, కృష్ణగిరిలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయింది. నాయన సణుక్కుంటూనే వెంట వచ్చాడు. ఇది జబ్బు కాదని, కొందరికి ఆ గడ్డ కరగకుండా నిలిచిపోతుందని, చన్ను చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున కోసి తీసేస్తానని డాక్టరు అరవంలో చెప్పాడు. చెప్పినట్టే తీశాడు. తీసినదాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి బయటున్న అమ్మానాయనలకు చూపించారట. కోడి కొవ్వులా పచ్చగా ఉందని అమ్మ చెప్పింది.

“ఇంతేనా! ఈ రవ్వంత దానికా ఇంత రచ్చ చేసినాడు!” అన్నాడట నాయన.

మెలకువ వచ్చేసరికి ఎద చుట్టూ బిగుతుగా కట్టు, రెండు పక్కలా నెత్తురు దిగే సన్నటి గొట్టాలు. మెల్లగా అరచెయ్యి పెట్టి చూసుకున్నాను. చదునుగా ఉంది. నొప్పి చంపేస్తున్నా నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు.

మరునాడు అక్క, బావ చూడటానికి వచ్చారు. బావ మంచం పక్కన నిలబడి పళ్లికిలించాడు.

“ఏమప్పా బామ్మర్దీ, పొదుగు కోసేసినారంట కదా! ఏదీ, పిండితే ఇంకా ఏమన్నా వస్తాదేమో చూస్తాం!”

కట్టు మీద అరచేత్తో చరిచి, వేళ్లు దించి పిసికాడు. లోపల ఏదో పుటుక్కున తెగింది. నా కేకకు నర్సులు పరుగెత్తుకొచ్చేసరికి కట్టు ఎర్రబడి, ఎడమ పక్క కొబ్బరిచిప్పంత వాచింది. మళ్లీ థియేటరుకు తోసుకుపోయి, కుట్లు విప్పి, లోపల పేరుకున్న నెత్తురు తీసి, మళ్లీ కుట్టారు. ఎవరు చెయ్యి వేశారని డాక్టరు మండిపడితే, మంచం దిగుతూ వాడే పడ్డాడని నాయన చెప్పాడు. కన్నతండ్రి!

“సరసానికి చేసినాడు లేరా. అల్లుడాయె, ఏమంటాము?” అని నన్నే సముదాయించాడు.

పాలు పితికే మనిషి లేక అమ్మ ఊరికి పోవాల్సి వచ్చింది. నాకు తోడుగా ఆ రాత్రికి అక్క ఉండిపోయింది, నాయనా బావా బయట వరండాలో పడుకున్నారు. పొద్దున అక్క గంజి తాగిస్తుంటే నాకు కోపం కట్టలు తెంచుకుంది.

“నీ మొగుని చెయ్యి ఇరిచేస్తాను, చూస్తా ఉండు!”

అక్క చెంచా కింద పెట్టింది. తలుపు వైపు ఒకసారి చూసి, పైట తొలగించి, రవిక పై గుండీ తీసింది. రొమ్ము మీద అయిదు వేళ్లూ నల్లగా అచ్చుపడి ఉన్నాయి. పక్కన పాతవి పచ్చగా మారుతున్నాయి. మెడ ఎముక కింద గుండ్రంగా బీడీ కాల్చిన మచ్చ.

“నీకు నలుగురి ముందర, నాకు తలుపేసుకోని. నీది కోసేస్తే పోయింది. నేను ఏం కోసుకునేదిరా?”

ఆ చెయ్యి నా మాంసం కోసమే వస్తోందని ఇన్నేళ్లూ అనుకున్న వెర్రివాణ్ణి నేను. అక్క గుండీ పెట్టుకునే లోపే నాయనా, వెనకే బావా లోపలికి వచ్చారు.

“పదమే, బస్సుకు టైమాయె,” అంటూ బావ అక్క జబ్బ పట్టి లేపాడు. అక్క దూడలా ముడుచుకుపోయింది.

మంచం పక్కనున్న గ్లూకోజు స్టాండు రెండు చేతులా ఎత్తి ఆ మణికట్టు మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. ఇంకోటి వేశాను. నా ఎడమ కుట్లు పటపట తెగి, వెచ్చగా నెత్తురు పొట్ట మీదికి జారింది. బావ నేల మీద పడి పొర్లుతున్నాడు.

“అల్లుని మింద చెయ్యెత్తుతావా!” నాయన చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు.

అక్క అడ్డం నిలబడింది. పైట పూర్తిగా లాగేసింది.

“కొట్టు నాయినా. ముందు ఇది చూసి కొట్టు.”

నాయన చూశాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచిపోయింది. కింద నుంచి బావ, “చూడు మామా, నీ కొడుకు నన్ను...” అని ఏడుస్తున్నాడు. నాయన వంగి, నేల మీద జారిన పైటను తనే తీసి అక్క భుజాల చుట్టూ కప్పాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు.

“నువ్వు పోప్పా. పిల్ల రాదు.”